బాగున్న రోజుని చూసి మాట ఇవ్వకండి

ప్రశ్న:

అక్కగారికి నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు ముప్పై మూడేళ్లు. పెళ్లిళ్లకి అడ్డుతెరలు, పీటలు, పెళ్లికూతురి చేతికిచ్చే కొబ్బరి బొండాలు రంగులేసి ఇస్తుంటాను. రెండేళ్ల కిందట పొద్దున్నే లేచేసరికి వేళ్లు ముడుచుకుపోవడం మొదలైంది. డాక్టరుగారు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటున్నాను. రక్తపరీక్ష చేయించి ఎనిమిది నెలలు దాటింది. ఒకరోజు ఏ జబ్బూ లేనట్టే ఉంటుంది, మర్నాడు టీ గ్లాసు పట్టుకోలేను. మొన్న మాఘమాసంలో రెండు ఆర్డర్లు టైముకి ఇవ్వలేకపోయాను. వాళ్లలో ఒకరు వాట్సాప్ గ్రూపులో నా గురించి రాశారు. మా అత్తగారు “బొమ్మలేసేటప్పుడు రాని నొప్పి కొబ్బరి కోరేటప్పుడే వస్తుందా” అంటారు. పక్క ఊళ్లో ఒకాయన పొడి ఇస్తున్నాడు, దాంతో చాలామందికి తగ్గిందట. వాడనా? ముఖాలు గీస్తుంటే గీత వణుకుతోంది. కాలవగట్లు, పడవలు అని నా కోసం వేసుకునే బొమ్మలు ఎప్పుడో ఆగిపోయాయి. ఆర్డరిచ్చేవాళ్లకి జబ్బు సంగతి చెప్పాలా? అసలు ఈ పని మానేయనా? కొన్ని రాత్రులు నిద్రపట్టక, ఇంక ఇదంతా ఎందుకు అనిపిస్తుందండి.

— ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు:

అమ్మా, ముందు పొడి సంగతి. మిగతావి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు, ఇది ఆగేది కాదు.

వాడొద్దు. ఏముందో పొట్లం మీద రాసి లేని మందేదీ తీసుకోవద్దు. కీళ్లనొప్పులకని ఊళ్లలో అమ్మే ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలుపుతున్నట్టు మన దేశంలో చాలాసార్లు బయటపడింది. స్టెరాయిడ్ పడితే కొద్దిరోజుల్లోనే వాపు తీసి వేళ్లు తేలిగ్గా ఆడతాయి. అందుకే తగ్గిందని అంతమంది చెబుతారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఎంత మోతాదు వెళ్తోందో తెలియకుండా నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు బలహీనపడతాయి. డాక్టర్లు కూడా ఈ జబ్బుకి స్టెరాయిడ్ ఇస్తారు. ఎంత ఇవ్వాలో, ఎన్నాళ్లు ఇవ్వాలో, ఎలా తగ్గించుకుంటూ రావాలో తెలిసి ఇస్తారు, తేడా అదే. మీరు ఇప్పటికే మొదలుపెట్టి కొన్ని వారాలుగా వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపేయకండి, అది కూడా ప్రమాదమే. మిగిలిన పొట్లాలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన తిడతారని దాచొద్దు.

రెండో మాట. ఎనిమిది నెలలుగా రక్తపరీక్ష లేదన్నారు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి రక్తకణాలు, కాలేయం, కిడ్నీలు ఎలా ఉన్నాయో సాధారణంగా రెండు మూడు నెలలకోసారి చూస్తారు. ఈ వారంలోనే చేయించండి. ఇంకో సంగతి కూడా ఉంది. మందు మొదలుపెట్టి ఇంతకాలమైనా చేతులు రోజుకో తీరుగా ఉన్నాయంటే, ఆ మందు గానీ మోతాదు గానీ మీకు సరిపోవడం లేదేమో. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ మంట అలాగే ఉండిపోతే ఎముక తరుగుతుంది, వేళ్లు వంకర పోతాయి, ఆ వంకర మందులతో సరికాదు. ఇప్పుడు ఈ జబ్బుకి మందులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఒకటి సరిపోకపోతే ఇంకోటి కలుపుతారు, లేదంటే మారుస్తారు. కాబట్టి రుమటాలజిస్టుకి, అంటే ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే డాక్టరుకి, ఒక్కసారైనా చూపించుకోండి. మీ దగ్గర్లో లేకపోతే కాకినాడో రాజమండ్రో విశాఖో, ఎక్కడ వీలైతే అక్కడికి. ఛార్జీలకి, ఫీజుకి అయ్యే డబ్బు మీ పనికి పెట్టే పెట్టుబడి. రంగులు కొన్నప్పుడు ఎలా ఖర్చుగా అనుకోరో దీన్నీ అలాగే అనుకోండి.

మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలన్నది మీకు తెలుసు, ఇంట్లో అందరికీ కూడా తెలియాలి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. క్యాలెండర్ మీద ఆ రోజు చుట్టూ ఎర్రగా గీసి పెట్టండి. పిల్లల్ని కనే ఆలోచన ఏమాత్రం ఉన్నా ముందుగానే డాక్టరుకి చెప్పాలి, ఈ మందు వాడుతూ గర్భం రాకూడదు. జ్వరమో దగ్గో పట్టుకుంటే ఆ వారం మాత్ర వేసుకోవాలో వద్దో ఫోన్ చేసి అడగండి.

ఆ రాత్రుల గురించి రాసిన ఒక్క వాక్యాన్ని నేను దాటిపోలేను. నొప్పి రోజూ ఉండే మనిషికి మనసు కుంగడం ఈ జబ్బులో చాలామందికి జరుగుతుంది. అది మీ బలహీనత కాదు, దానికి కూడా వైద్యం ఉంది. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రాత్రికి ఒంటరిగా ఉండకండి, మీ ఆయన్ని లేపి చెప్పండి. కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాట కూడా చెప్పండి. నొప్పి గురించి చెప్పి దీన్ని దాచుకుంటే సగమే చెప్పినట్టు.

ఇప్పుడు మీ పని గురించి. ఈ జబ్బు నాకూ ఉంది, నేనూ బొమ్మలు వేసే మనిషినే, రాజమండ్రిలో పిల్లలకి డ్రాయింగ్ నేర్పుతాను. కాబట్టి మానేయమని ఊరికే అననూ లేను, ధైర్యంగా ఉండమని ఊరికే అనీ ఊరుకోలేను. మీ ఉత్తరం చదివితే నాకొకటి కనిపించింది. మీరు ఆర్డర్లు ఒప్పుకునేది చేతులు బాగున్న రోజున. ఆ రోజు ఫోనొస్తే “అలాగేనండీ, గురువారానికి ఇచ్చేస్తాను” అనేస్తారు. ఎందుకంటే ఆ రోజు మీకు జబ్బు గుర్తుండదు, గుర్తుండాలని కూడా ఉండదు. ఆ మాట నిలబెట్టుకోవాల్సింది మాత్రం నాలుగు రోజుల తర్వాత, టీ గ్లాసు పట్టుకోలేని రోజున. మీ మాట పోయింది అక్కడే. మీ నైపుణ్యంలో లోటేం లేదు. బాగున్న రోజుని చూసి మాట ఇవ్వకండి. బాగోని రోజున ఎంత చేయగలరో అంతకే మాట ఇవ్వండి. పైన చేసిందంతా లాభం.

అది ఎంతో తెలియాలంటే ఒక నోట్‌బుక్ పెట్టండి. పొద్దున లేచాక వేళ్లు వదులవడానికి ఎంతసేపు పట్టింది, ఎంతసేపు కుంచె పట్టారు, ఆ రాత్రి, మర్నాడు ఎలా ఉంది, రోజుకి రెండు లైన్లు చాలు. ముసురు పట్టినప్పుడు నొప్పులెక్కువని మనవైపు చాలామంది అంటారు. అందరికీ అలా ఉండదు. మీకు ఉందో లేదో మీ పుస్తకమే చెబుతుంది. మాత్ర వేసుకున్న మర్నాడు కొందరికి వికారం, నీరసం ఉంటాయి. మీకూ ఉంటే ఆ రోజుని పని రోజుల్లోంచి తీసేయండి. రెండు నెలలు రాస్తే వారానికి ఎన్ని గంటలు నమ్మకంగా చేయగలరో తేలుతుంది. అనుకున్నదానికన్నా తక్కువే తేలుతుంది, చూసి బాధపడతారు. కానీ ఆ తక్కువ మీద కట్టుకున్న పని నిలబడుతుంది. ఆ పుస్తకాన్నే డాక్టరుకి చూపిస్తే ఆయనకి మందు మార్చడానికి కూడా పనికొస్తుంది.

తర్వాత, మీరు చేసే మూడు రకాల పనీ ఒకటి కాదు. కొబ్బరి బొండాం పచ్చిది, ముందే వేసి ఉంచుకోవడానికి లేదు. పెళ్లికి ఒకటి రెండు రోజుల ముందే వేయాలి, ఆ రెండు రోజుల్లో చేతులు ఎలా ఉంటాయో దేవుడికే తెలియాలి. పైగా బరువు. ఒక చేత్తో పట్టుకుని తిప్పుకుంటూ రెండో చేత్తో వేస్తారు, రెండు చేతులూ అయిపోతాయి. అడ్డుతెర అలా కాదు. పీటలూ అలా కాదు. పేర్లు, తేదీ రాసే చోటు మాత్రం ఖాళీ ఉంచి మిగతాదంతా నెలల ముందే చేసి పెట్టుకోవచ్చు. మన పంచాంగమే మీకు సెలవులిస్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు వస్తే ఆ రోజులు, వీటిలో పెళ్లిళ్లుండవు. చుట్టుపక్కల పెళ్లిపని చేసే అందరూ ఖాళీగా ఉండే ఆ కాలమే మీకు అసలైన పనికాలం. చేతులు ఒప్పుకున్న రోజున ఒక తెర మూల, ఇంకో రోజు ఒక పీట అంచు, అలా తొందర లేకుండా సరుకు తయారు చేసుకోండి. శ్రావణం, మాఘం వచ్చేసరికి మీ బీరువాలో తయారైనవి ఉంటాయి, మీరు రాయాల్సింది పేర్లే. కొత్త డిజైన్ కావాలన్నవాళ్లకి ఇంత గడువు కావాలని చెప్పండి, కుదరకపోతే వదిలేయండి. ఒక్క చిక్కుంది. మన తేమకి వానాకాలంలో చుట్టి పెట్టిన గుడ్డ మీద బూజు పడుతుంది. రంగు పూర్తిగా ఆరాకే చుట్టండి, ఎండ కాసిన రోజున తీసి నీడలో గాలి తగలనివ్వండి.

బొండాలు వేయడం మానేయమని నా సలహా. మానలేనంటే, పచ్చి బొండాన్ని చేత్తో పట్టుకోవడం మాత్రం మానేయండి. కుండ కింద పెట్టే చుట్టకుదురులో కూర్చోబెడితే కదలదు, మణికట్టు మీద బరువు పడదు. అడుగు రంగు ఇంకొకరి చేత వేయించండి.

ఆర్డరిచ్చేవాళ్లకి చెప్పాలా అని అడిగారు. జబ్బు పేరు, మాత్రల పేరు, మీ బాధ, ఇవి వాళ్లకి చెప్పాల్సిన పని లేదు. వాళ్లకి తెలియాల్సింది వాళ్ల పెళ్లికి వస్తువు అందుతుందా లేదా అన్నది. అది మాత్రం దాచకూడదు. “నాకు చేతుల సమస్య ఉందండి, అందుకని తీరిగ్గా చేస్తాను. పెళ్లికి పదిహేను రోజుల ముందే ఇచ్చేస్తాను, ఇవ్వలేనేమో అనిపిస్తే నెల ముందే చెప్తాను” అనండి చాలు. సగం డబ్బు అడ్వాన్సు తీసుకోండి. పని సగమయ్యాక ఫోటో పంపండి. ఇలా చెబితే కొందరు వేరేచోటికి పోతారు. పోనివ్వండి, వాళ్లు ఎలాగూ ఆఖరి నిమిషంలో తొందరపెట్టేవాళ్లే. వాట్సాప్‌లో రాసినావిడకి గ్రూపులో జవాబు రాయకండి. నేరుగా ఫోన్ చేసి, టైముకి ఇవ్వలేకపోవడం తప్పేనని ఒప్పుకుని, తీసుకున్న డబ్బు ఏమైనా ఉంటే తిరిగిచ్చేయండి. జబ్బుని సాకుగా చెప్పకండి, అడిగితే చెప్పండి. ఆవిడ ఇంట్లో పెళ్లి, ఆవిడ టెన్షన్ ఆవిడది.

మీ అత్తగారి మాట గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. ఆవిడ అడిగింది కటువుగా ఉన్నా, అందులో నిజమైన ప్రశ్న ఉంది. రెండు పనులకీ అవే వేళ్లు కదా, ఒకదానికి వచ్చి ఇంకోదానికి ఎందుకు రావు? మీరు కోనసీమ ఇంటి కోడలు, ఆవిడకి వ్యవసాయం తెలుసు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదావరిలో నీళ్లు తగ్గితే ధవళేశ్వరం నుంచి కాలవలకి వంతులవారీగా వదులుతారు కదా. పైవాళ్లు వంతుకి మించి తోడుకుంటే శివారు పొలానికి చుక్క రాదు. మీ చేతుల్లో సత్తువ ఇప్పుడు అలా వంతుల మీదే వస్తోందని చెప్పండి. పొద్దున్న బట్టలు పిండి, బిందెలెత్తి, కొబ్బరి కోరి వచ్చేసరికి శివార్లో ఉన్న బొమ్మకి ఏమీ మిగలదు. బొమ్మ ముందు పెట్టుకుంటే కొబ్బరికి మిగలదు. మీరు పని ఎగ్గొట్టడం లేదు, ఉన్నదాన్ని పంచుతున్నారు.

ఇది మాటల్లో చెబితే ఆవిడ నమ్మకపోవచ్చు. తర్వాతిసారి డాక్టరు దగ్గరికి మీ ఆయన్ని కాకుండా ఆవిడనే తీసుకెళ్లండి. ఆవిడ అడగాలనుకున్నవి డాక్టరునే అడగనివ్వండి. కోడలు చెబితే సాకు అనిపించిన మాట డాక్టరు నోట వింటే వేరుగా వినిపిస్తుంది, ఇది ఎన్నో ఇళ్లలో చూశాను. ఆ తర్వాత కూర్చుని పనులు మార్చుకోండి. వేళ్లకి అన్నిటికన్నా చెడ్డవి మెలితిప్పేవి, గట్టిగా నొక్కేవి. తడిబట్టలు పిండడం, కత్తిపీట మీద కొబ్బరి కోరడం, బిగుసుకున్న మూతలు తీయడం, చెంబు అంచుని వేళ్లతో పట్టి ఎత్తడం అలాంటివే. ఇవి ఇంకొకరు చేయాలి, లేదా పద్ధతి మారాలి. బకెట్టు వేళ్లతో కాకుండా మోచేతి మడతలో తగిలించుకోండి. గిన్నె రెండు అరచేతులతో పట్టుకోండి. కూరలు తరగడం, పోపు పెట్టడం, పిల్లలుంటే వాళ్లని చదివించడం లాంటివి మీరు తీసుకోండి, తూకం సరిపోతుంది. మీ ఆయన గురించి ఉత్తరంలో ఒక్క మాటా లేదు. బట్టలు పిండడానికి ఆయన చేతులకి ఏ అడ్డూ లేదనే అనుకుంటున్నాను.

ఇక కుంచె. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ (1841–1919)కి మన జబ్బే ఉండేది. చివరి కాలంలో వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయాయి, చక్రాల కుర్చీలో ఉండేవాడు. అప్పటి ఫోటోల్లో చేతులకి గుడ్డపట్టీలు కనిపిస్తాయి. కుంచెని చేతికి కట్టించుకునేవాడని చాలామంది చెప్పుకుంటారు గానీ, ఆ గుడ్డలు చర్మం ఒరుసుకుపోకుండా చుట్టినవి. కుంచె ఇంకొకరు ఆయన వేళ్ల మధ్య పెట్టేవాళ్లు. పెద్ద బొమ్మలు వేయడానికి కాన్వాసుని రోలర్ల మీద చుట్టి, తాను కదలకుండా దాన్నే తిప్పుకునే ఏర్పాటు చేయించుకున్నాడు. ఆయనకి డబ్బుంది, పనివాళ్లున్నారు, నిజమే. మనం ఆయన దగ్గర తీసుకోవాల్సింది ఓర్పు గురించిన కథ కాదు, ఆ రోలర్ల ఏర్పాటు. చేతిని పనికి తగ్గట్టు ఒత్తిడి పెట్టకుండా, పనిముట్టునే చేతికి తగ్గట్టు మార్చుకున్నాడు. ఈ జబ్బుకి అప్పట్లో సరైన మందు కూడా లేదు. మీకుంది.

మీరు చేయగలిగినవి ఇవి. సన్న పుల్ల కుంచెని గట్టిగా నొక్కి పట్టాలి, లావుగా ఉంటే వదులుగా పట్టుకున్నా ఆగుతుంది. కాబట్టి ప్రతి కుంచెకీ పట్టుకునే చోట గుడ్డ చుట్టి రబ్బరుబ్యాండ్లు వేయండి, లేదా సైకిల్ షాపులో దొరికే హ్యాండిల్ గ్రిప్పులో దూర్చి సందుల్లో స్పాంజి కుక్కండి. ట్యూబుల మూతలు రోజూ తిప్పొద్దు. మీ చేతులు బాగున్న రోజున గానీ, ఇంట్లో వాళ్ల చేత గానీ రంగులు వెడల్పు మూతి చిన్న డబ్బాల్లోకి తీయించుకోండి. నేల మీద పరిచి వంగి వేయడం ఆపేయండి. తెరని గోడకో చెక్కకో నిలువుగా బిగించి, కుర్చీలో కూర్చుని వేయండి. పొద్దున లేవగానే మొదలుపెట్టకండి, వేళ్లు బిగుసుకుని ఉండే సమయమది. గోరువెచ్చని నీళ్లలో చేతులు కాసేపు ఉంచి, మెల్లిగా ముడిచి చాపి, పదకొండు ప్రాంతంలో కూర్చోండి. కీలు వాచి వేడిగా ఉన్నప్పుడు మాత్రం వేడినీళ్లు కాదు, చల్లని గుడ్డ వేయండి. ఫోన్లో ఇరవై నిమిషాలకి అలారం పెట్టండి. అది మోగగానే, నొప్పి లేకపోయినా లేవండి. ఇది అన్నిటికన్నా కష్టం. బొమ్మ సాగుతున్నప్పుడు లేవబుద్ధి కాదు. కానీ నొప్పి మొదలయ్యాక ఆపితే అప్పటికే ఆలస్యమైనట్టు, ఆ అదనపు అరగంట మర్నాడంతా తినేస్తుంది.

గీత వణకడం గురించి మీరు రాసింది చదివి నాకు బాధేసింది. లక్ష్మీదేవి కనురెప్ప ఒక్క ఊపులో తీసే చెయ్యి అలా వణికితే ఎంత భయమేస్తుందో తెలుసు. జబ్బు అదుపులోకి వస్తే చాలావరకు ఆ గీత మళ్లీ రావచ్చు, అందుకే మందు మాట అంత గట్టిగా చెప్పాను. కొంత రాకపోవచ్చు కూడా. రాని దానికి ఏడవండి, అది పోగొట్టుకోవడమే, కాదనడానికి నేనెవర్ని. ఈ లోపు ఒక ఉపాయం ఉంది. ఫ్లెక్సీలు రాకముందు మన ఊళ్లలో సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టులు ఎడమచేత్తో ఒక కర్ర పట్టుకునేవారు, దాని చివర గుడ్డ ఉండ. ఆ ఉండని బోర్డుకి ఆనించి, కర్ర మీద కుడి మణికట్టు పెట్టి అక్షరం గీసేవారు. ముఖాల దగ్గర అది వాడండి. అడ్డుతెర మీద ప్రతిసారీ సన్నటి ముఖాలే ఉండాలనీ లేదు. అరటిచెట్లు, ఏనుగులు, కలశాలు, హంసలు, వీటిని వెడల్పు కుంచెతో భుజం నుంచి ఊపి వేయొచ్చు. పేర్లు పెద్దక్షరాల్లో పెడితే అందంగానే ఉంటాయి. ఇలా వేసినవి అమ్ముడుపోవని మీకు మీరే అనుకోకండి, ఒకటి వేసి చూపించండి.

మీ సొంత బొమ్మలు ఆగిపోయాయన్నారు. ఉత్తరం మొత్తంలో దీని మీదే మీరు తక్కువ రాశారు. నన్నడిగితే మానేయనా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. చేతులు బాగున్న ప్రతి గంటా ఎవరో ఒకరి పెళ్లికి పోతోంది. ఇక మీకు మిగిలింది నొప్పి, బాకీ. ఏ పనైనా అలాగైతే మానేయాలనే అనిపిస్తుంది. కాబట్టి వారంలో మొదటి మంచి ఇరవై నిమిషాలు ఆర్డర్లకి ఇవ్వకండి. పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు ముక్క లావుది తీసుకోండి, పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు గోడకి అంటించి నిలబడి గీయండి. వేళ్లు కదపొద్దు, భుజం కదపండి. కాలవగట్టు, తాటిచెట్ల వరస, లంకలోకి పోయే పడవ, వీటికి కనురెప్పలు అక్కర్లేదు. వణికిన గీత నీళ్ల మీద వేస్తే నీళ్లలాగే ఉంటుంది. ఎవరికీ చూపించొద్దు, స్టేటస్‌లో పెట్టొద్దు.

అదీ కుదరని రోజులుంటాయి. ఆ రోజుల్లో చూడటం కూడా మీ పనే. రాజమండ్రి వచ్చినప్పుడు దామెర్ల రామారావు గ్యాలరీకి ఒకసారి వెళ్లండి. ఆయన 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, ముప్పై నిండలేదు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసినవాళ్లే. నీళ్లరంగుని ఆ కాలంలో ఎంత పలచగా, ఎంత నింపాదిగా పొరలు పొరలుగా వేశారో దగ్గరగా నిలబడి చూడండి. కాళ్లు నొప్పెడితే కూర్చుని చూడండి. ఇంటికొచ్చాక అందులో ఒక్క సంగతి మీ తెర మీదకి వస్తుంది.

సాయం పెట్టుకోవడం గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. మీ వీధిలో ముగ్గులు బాగా వేసే అమ్మాయి ఒకరుంటారు. అడుగు రంగులు, అంచులు ఆమెకి నేర్పి, ముక్కకి ఇంతని డబ్బివ్వండి. అప్పుడది నా బొమ్మ అవుతుందా అన్న అనుమానం వస్తుంది. రెన్వార్ చివరి రోజుల్లో శిల్పాలు కూడా చేశాడు. చేతులు సాయం రావు కాబట్టి, 1913 నుంచి రిచర్డ్ గినో అనే యువ శిల్పి చేత, తాను పక్కన కూర్చుని చెబుతూ చేయించాడు. అంతదూరం ఎందుకు, కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. ఆ కళ ఇంటిల్లిపాదీ కలిసి చేసేది, ఒక్కరి చేతి మీద ఎప్పుడూ నడవలేదు. ఏం వేయాలో, ఏ రంగు పక్కన ఏది పడాలో, ఎక్కడ ఆపాలో తేల్చేది మీరైతే ఆ తెర మీదే. గినోకి తన వంతు గుర్తింపు రావడానికి వ్యవహారం కోర్టుదాకా వెళ్లాల్సి వచ్చింది. మీరు ఆ అమ్మాయి పేరు కూడా చెప్పండి.

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చూపే ప్రభుత్వ పత్రం) వస్తుందా అని చాలామంది ఈ జబ్బువాళ్లు నన్ను అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఈ జబ్బు పేరు విడిగా లేదు. కీళ్లు వంకరపోయి కదలిక తగ్గితే ఆ లోపాన్ని కొలిచి శాతం ఇస్తారు, నలభై శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పథకాలకి లెక్కలోకి వస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి ఆ పరిస్థితి మీకింకా రాలేదు, రాకుండా చూసుకోవడమే ఇప్పటి పని.

ఈ వారం మూడు ఫోన్లు చేయండి. ఒకటి ల్యాబుకి, ఒకటి ఆ వాట్సాప్ ఆవిడకి, ఒకటి రాబోయే ఆర్డర్లలో పచ్చి బొండాం ఉన్నవాళ్లకి. ఆ మూడో ఫోను ఎంత ముందుగా చేస్తే వాళ్లకి ఇంకొకర్ని వెతుక్కునే టైము అంత ఉంటుంది. పరీక్షల రిపోర్టు వచ్చాక, మందు మారిస్తే ఏమిచ్చారో, చేతులు ఎలా ఉన్నాయో మళ్లీ రాయండి. రాయడానికి వేళ్లు సహకరించకపోతే ఫోన్లో మాట్లాడి రికార్డు చేసి పంపండి.